విద్యాభాండాగారములు: డిజిటల్ బోధనసామగ్రి నిక్షేపణము, వితరణము

నిర్వచనము, పరిధి

పాఠ్యగ్రంథములు, ఉపన్యాసముల వీడియోలు, పటములు, చిత్రములు, ప్రశ్నావళులు, ప్రయోగముల అనుకరణలు, ఉపాధ్యాయులు తమ తరగతులకై వ్రాసికొన్న పాఠప్రణాళికలు మొదలగు వానిని కంప్యూటరు ఫైళ్ల రూపమున ఒకచోట క్రమముగ నిలువచేసి, కావలసినవారు వెదకి పొందుటకును, అనుమతి ఉన్నంతమేర మార్చి తిరిగి పంచుకొనుటకును వీలు కల్పించు వ్యవస్థకు విద్యాభాండాగారమని పేరు. రిపాజిటరీ అను ఆంగ్లపదము కూడ వ్యవహారమున కలదు.

ఒక ఉపాధ్యాయుడు తాను తయారుచేసిన పాఠమును పెన్ డ్రైవులో పెట్టి పొరుగు పాఠశాలవారికి ఇచ్చుటయు, వాట్సాప్ గ్రూపులో పంపుటయు సామగ్రిని పంచుకొనుటయే. కాని దానిని రచించినవారెవరు, అది ఏ తరగతికి ఉద్దేశింపబడినది, ఏ సంవత్సరపు పాఠ్యప్రణాళికకు అనుగుణమైనది, దానిని మార్చు హక్కు ఎవరికి కలదు అను ప్రశ్నలకు అట్లు చేతులు మారిన ఫైలునందు సమాధానము దొరకదు. సామగ్రి, దానిని గూర్చిన వివరణము, వాడుకకు అనుజ్ఞ, సంరక్షణభారము వహించు సంస్థ అను నాలుగును సమకూడినప్పుడే భాండాగారమగును. వీనిలో మొదటిదానిపై చూపిన శ్రద్ధ తక్కిన మూడింటిపై చూపకపోవుట వలననే పెక్కు భాండాగారములు నిండుగ ఉండియు నిరుపయోగములైనవి.

తరగతి నిర్వహణ వ్యవస్థలు భాండాగారములకు సన్నిహితములైనను భిన్నములు. ఆస్ట్రేలియా దేశీయుడగు మార్టిన్ డూజియామాస్ 2002లో వెలువరించిన మూడుల్ వంటి వ్యవస్థలు ఒక కోర్సునందు చేరిన విద్యార్థులకు ఆ కోర్సు సామగ్రిని అందించి, వారి హాజరును, మార్కులను నమోదు చేయును. సంకేతపదము లేనివారికి అందు ప్రవేశము లేదు; కోర్సు ముగియుటతో సామగ్రి కూడ సాధారణముగ మరుగుపడును. భాండాగారము ఏ ఒక్క తరగతికిని కట్టుబడక అన్ని కాలములందును తెరచియుండవలెనను ఉద్దేశముతో ఏర్పడినది.

చరిత్ర

అంతర్జాలమునకు పూర్వమే పాఠములను యంత్రమున నిలువచేసి దూరముననున్న విద్యార్థులకు అందించు ప్రయత్నములు జరిగినవి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ నాయకత్వమున 1960లో ప్రారంభమైన ప్లేటో వ్యవస్థయందు పాఠములు కేంద్ర కంప్యూటరులో ఉండగా, విద్యార్థులు టెర్మినళ్ల యెదుట కూర్చుండి వానిని చదివిరి. అదే విశ్వవిద్యాలయమున 1971లో మైకేల్ హార్ట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ కు శ్రీకారము చుట్టి, కాపీరైటు తీరిన గ్రంథములను కంప్యూటరున ఎక్కించి ఉచితముగ పంచుట ఆరంభించెను.

భారతదేశమున ఈ పనికి మొదట సాధనమైనది కంప్యూటరు కాదు, ఉపగ్రహము. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వరకు నడిచిన సైట్ ప్రయోగము అమెరికా ఉపగ్రహమగు ఏ.టి.ఎస్.-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు విద్యాకార్యక్రమములను ప్రసారము చేసినది. ఆ ప్రసారభాషలలో తెలుగు ఒకటి. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమునందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయముగ వెలసినది. అదియే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. తరగతి గదికి రాలేని విద్యార్థికి పాఠమునే పంపవలెనను సంకల్పము ఆనాటికే ఈ ప్రాంతమున సంస్థారూపము దాల్చినది. అయితే ప్రసారమైన పాఠము ప్రసారముతోనే ముగిసెడిది. విద్యార్థి తనకు వీలైన వేళ తిరిగి తెరచుకొనుటకు అందు అవకాశము లేదు.

వరల్డ్ వైడ్ వెబ్ వ్యాప్తితో ఆ లోపము తీరినది. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయము 1997లో మెర్లాట్ అను భాండాగారమును స్థాపించినది. రైస్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ బారానియుక్ 1999లో కనెక్షన్స్ అను వేదికను నెలకొల్పి, పాఠ్యగ్రంథమును చిన్న చిన్న ఖండములుగ విభజించి, ఎవరికి వలసిన క్రమమున వారు కూర్చుకొనునట్లు ఏర్పాటు చేసెను. 2012లో దానినుండి ఓపెన్‌స్టాక్స్ అను ఉచిత పాఠ్యగ్రంథముల మాల ఉద్భవించినది. వీని అన్నింటికంటె లోకమును ఆకర్షించినది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 2001 ఏప్రిల్‌లో చేసిన ప్రకటన. తన కోర్సుల సామగ్రిని రుసుము లేకుండ అంతర్జాలమున ఉంచెదనని చెప్పిన ఆ సంస్థ, మరుసటి సంవత్సరము మొదటి కోర్సులను వెలువరించి, 2007 నాటికి సుమారు 1,800 కోర్సులను లోకమునకు తెరచినది. పట్టము ఇయ్యకుండ పాఠమును మాత్రము ఇచ్చుట విశ్వవిద్యాలయ గౌరవమునకు భంగకరము కాదని ఇందువలన ఋజువైనది.

2002 జులైలో పారిస్ నగరమున యునెస్కో ఏర్పాటుచేసిన గోష్ఠియందు 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అను పేరు రూఢమైనది. తెలుగున దీనిని సార్వత్రిక విద్యావనరులని వ్యవహరింపవచ్చును. పారిస్‌లోనే 2012లో జరిగిన మహాసభ, ప్రభుత్వధనముతో తయారైన విద్యాసామగ్రిని సార్వత్రిక అనుజ్ఞతో విడుదల చేయుటను ప్రోత్సహింపవలెనని దేశములను కోరినది. 2019 నవంబరులో యునెస్కో సాధారణసభ ఈ విషయమై ఒక సిఫారసును ఆమోదించినది.

భేదములు

సామగ్రిని తనయందే నిలువచేయునవి, అన్యత్ర ఉన్న సామగ్రికి లంకెలను మాత్రము కూర్చునవి అని భాండాగారములు ప్రధానముగ రెండు తెగలు. మెర్లాట్ రెండవ తెగకు చెందినది. దాని విశిష్టత ఆయా విషయములందలి ఆచార్యులు సామగ్రిని సమీక్షించి విలువకట్టుటయందున్నది. ఒక విశ్వవిద్యాలయమునకు పరిమితమైనవి, ఒక శాస్త్రమునకు పరిమితమైనవి, దేశమంతటికిని ఉద్దేశింపబడినవి అనునది మరియొక విభాగము. పరిశోధనవ్యాసములకు, సిద్ధాంతగ్రంథములకు ఏర్పడిన నిక్షేపములు, భారతదేశమున ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు శోధగంగ వంటివి, విద్యాభాండాగారములకు జ్ఞాతులు.

పనిచేయు విధానము

భాండాగారములకు ఆధారమగు సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధమైనది డీస్పేస్. మసాచుసెట్స్ సంస్థయు హ్యూలెట్ పాకార్డ్ ప్రయోగశాలలును కలిసి దీనిని 2002లో విడుదల చేసినవి. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఈప్రింట్స్ అంతకంటె రెండేండ్లు పెద్దది. ఇవి రెండును ఎవరైనను ఉచితముగ గైకొని మార్చుకొనదగిన సాఫ్ట్‌వేరులు. సమర్పకుడు ఫైలును ఎక్కించి వివరములను పూరించును. సంపాదకుడు పరిశీలించి అంగీకరించును. అంగీకృతమైన ప్రతి అంశమునకును, సర్వరు మారినను మారని ఒక శాశ్వత సంఖ్య ఇయ్యబడును. పుటల చిరునామాలు తరచుగ మారు అంతర్జాలమున ఈ శాశ్వతసంఖ్య లేనిచో, పాఠ్యగ్రంథమున ముద్రించిన లంకె కొన్ని సంవత్సరములకే నిష్ఫలమగును.

ఈ యంత్రాంగమునకు ప్రాణము మెటాడేటా, అనగా సామగ్రిని గూర్చిన వివరణము. గ్రంథాలయమున కార్డు సూచిక చేసిన పనిని ఇది చేయుచు, దానిని మించిన పని కూడ చేయును (చూ. గ్రంథాలయ శాస్త్రము). 1995లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రమందలి డబ్లిన్ అను ఊర జరిగిన సమావేశమున రూపుదిద్దుకొని, ఆ ఊరి పేరనే డబ్లిన్ కోర్ అని ప్రసిద్ధమైన పద్ధతి శీర్షిక, కర్త, విషయము, తేదీ, భాష, హక్కులు మొదలగు 15 అంశములతో ఏ వస్తువునైనను వర్ణించును. కాని ఉపాధ్యాయుని అవసరము వేరు. ఎనిమిదవ తరగతిలో కిరణజన్య సంయోగక్రియను బోధింపనున్నవానికి, ఆ పేరుగల వీడియో ఉన్నదని తెలిసిన చాలదు. అది ఏ వయస్సువారికి తగును, ఎంతసేపు పట్టును, ముందుగ ఏమి తెలిసియుండవలెను, విద్యార్థి చూచి ఊరకుండునా, తాను కూడ ఏదైన చేయవలసియుండునా అనునవి తెలియవలెను. ఈ అంశములను చేర్చి 2002లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ఆమోదించిన ప్రమాణము 'లామ్' అని పిలువబడుచు, తొమ్మిది వర్గములుగ వివరములను నమోదు చేయుటకు వీలు కల్పించుచున్నది.

ప్రమాణము సమగ్రమైనకొలది దానిని పూరించువారు తగ్గుట ఈ రంగమున అనుభవసిద్ధము. పదుల సంఖ్యలో గడులున్న పత్రమును పాఠము చెప్పి అలసిన ఉపాధ్యాయుని ముందు పెట్టినచో, అతడు శీర్షికను వ్రాసి తక్కినవానిని ఖాళీగ విడుచుట సహజము. తప్పు అతనిది కాదు. అందువలన వివరణభారమును శిక్షితులైన గ్రంథపాలకులకు అప్పగించుట ఒక మార్గము. వివరములను నాలుగైదింటికి కుదించి, వానిని పాఠ్యప్రణాళికతో గట్టిగ ముడివేయుట రెండవ మార్గము. భారతదేశపు దీక్ష వేదిక రెండవదానిని అవలంబించి, బోర్డు, మాధ్యమము, తరగతి, విషయము అను వరుసలో సామగ్రిని అమర్చినది.

ఒక భాండాగారమందలి వివరములు మరియొకదానికి తెలియుటకు 2001లో ఓ.ఏ.ఐ.-పి.ఎం.హెచ్. అను సంప్రదాయము ఏర్పడినది. దాని ప్రకారము ప్రతి భాండాగారమును తన వివరములను కనీసము డబ్లిన్ కోర్ రూపమున అందుబాటులో ఉంచును. వానిని సేకరించు సంస్థ అన్నింటిని ఒక పట్టికగ కూర్చి, వెదకువారిని మూలస్థానమునకు పంపును. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్మించి, 2018 జూన్‌లో జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయము ఇట్టి సేకరణపై ఆధారపడినది. పాఠములను ఒక వ్యవస్థనుండి మరియొక వ్యవస్థకు తరలించుటకు స్కార్మ్ అను ప్రమాణము వాడుకలో ఉన్నది.

భారతదేశమున

ఏడు ఐ.ఐ.టి.లును, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ ఇంజనీరింగు ఉపన్యాసములను వీడియోలుగ, పాఠములుగ వెలువరించినది. మంచి అధ్యాపకులు కొరవడిన కళాశాలలలోని విద్యార్థులకు ఇది చేసిన మేలు ఎంత చెప్పినను తక్కువయే. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము తన ముద్రితపాఠములను ఈజ్ఞానకోశ్ అను నిక్షేపమున ఉంచినది. పాఠశాలవిద్యకై 2013 ఆగస్టులో జాతీయ సార్వత్రిక విద్యావనరుల భాండాగారము ప్రారంభమైనది. ఎన్.సి.ఇ.ఆర్.టి.కి చెందిన కేంద్ర విద్యాసాంకేతిక సంస్థ దీనిని నిర్వహించినది. 2017 జులైలో స్వయం అను కోర్సుల వేదికయు, దానితోపాటు ఉపగ్రహము ద్వారా పాఠములను ఇంటింటికి అందించు స్వయంప్రభ దూరదర్శన మార్గములును ప్రారంభమైనవి.

2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్ష, బెంగుళూరులోని ఏక్‌స్టెప్ సంస్థ తయారుచేసిన సన్‌బర్డ్ అను సార్వత్రిక సాఫ్ట్‌వేరుపై నిర్మితమైనది. దీని విశిష్టత ముద్రిత పుస్తకమును విడువకుండుటయే. పాఠ్యపుస్తకమున పాఠము ప్రక్కన క్యూఆర్ కోడు ముద్రింపబడును. దానిని ఫోనుతో స్కాన్ చేసినచో ఆ పాఠమునకు సంబంధించిన వీడియో, అభ్యాసము, వివరణ తెరపైకి వచ్చును. స్కాన్ చేయ వీలుకానివారు కోడు క్రింద ముద్రించిన ఆరు అక్షరముల గుర్తును టైపు చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములందును ఈ కోడులు వెలసినవి. విద్యార్థి చేతనున్న పుస్తకమే సూచికయైనందున, వెదకుట అను కష్టమును చాలవరకు ఇది తప్పించినది. 2020లో పాఠశాలలు మూతబడినప్పుడు కేంద్రప్రభుత్వము దీక్షను దేశమంతటికి ఉమ్మడి వేదికగ ప్రకటించినది.

తెలుగు సామగ్రి

తెలుగుగ్రంథములు విస్తారముగ డిజిటల్ రూపము పొందుటకు హేతువైనది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడును, చిత్తూరు జిల్లా కాటూరున జన్మించినవాడును, 1994లో ట్యూరింగ్ పురస్కారమును అందుకొన్నవాడునగు దబ్బల రాజగోపాల్ రెడ్డి, అనగా రాజ్ రెడ్డి, సంకల్పించిన పదిలక్షల గ్రంథముల పథకము. దాని భారతీయ శాఖయగు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో బెంగుళూరు విజ్ఞానసంస్థయు, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి.యు ప్రముఖ పాత్ర వహించి, గ్రంథాలయములలో జీర్ణించుచున్న పుస్తకములను పుట పుటగ స్కాన్ చేయించినవి.

అయినను ఈ మహానిధి నుండి కావలసిన పుస్తకమును తీయుట బహుకష్టమయ్యెను. శీర్షికలను తెలుగు లిపిలో గాక రోమను లిపిలో, అదియును ఒక నియమమునకు కట్టుబడక, నమోదు చేయుట వలన ఒకే గ్రంథము పలు వర్ణక్రమములతో కనబడెడిది. కర్త పేరు లోపించినవియు, తప్పినవియు అనేకములు. తెలుగు వికీపీడియా కార్యకర్తలు పూని, అందలి పుస్తకములను పరిశీలించి తెలుగు లిపిలో పట్టికలు కూర్చిరి. ఏ జీతమును ఆశింపక జరిగిన ఈ పని తెలుగు గ్రంథసూచీ చరిత్రలో స్మరణీయము. స్కాన్ చేసిన పుట బొమ్మయే గాని పాఠము కాదు. అందలి మాటను వెదకుటకు అక్షరములను యంత్రము గుర్తింపవలెను, లేదా మనుష్యులు టైపు చేయవలెను. గుణింతములు, వత్తులు అక్షరమునకు పైనను క్రిందను ప్రక్కనను చేరు తెలుగు లిపిని గుర్తించుట యంత్రమునకు దుష్కరము కాగా, తెలుగు వికీసోర్సు కార్యకర్తలు యంత్రము తీసిన పాఠమును మూలముతో పోల్చి దిద్దుచున్నారు.

రెండవ చిక్కు ఫాంటులది. ముద్రణారంగమున చిరకాలము ఏలిన 'అను' మొదలగు ఫాంటులు తెలుగు అక్షరఖండములను ఆంగ్లాక్షరముల సంకేతస్థానములందు అమర్చుకొన్నవి. కాగితముపై అవి అందముగనే అచ్చగును. కాని ఆ ఫైలునుండి ఒక వాక్యమును తీసి వేరొకచోట ఉంచినచో అర్థములేని రోమను అక్షరములు వరుసగట్టును. అట్లు కూర్చిన పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్. భాండాగారమున ఉండియు వెదకువారికి దొరకదు. చూపులేనివారికి చదివి వినిపించు సాఫ్ట్‌వేరునకు అది మూగది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణముననే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినను, ముద్రాపకులు దానిని స్వీకరించుటలో చాల ఆలస్యము జరిగినది. బోధనసామగ్రిని యూనికోడున కూర్చుట ఇప్పటికైనను నియమముగ పాటింపదగినది.

యూనికోడున ఉన్న పాఠమును వెదకుటయందు కూడ తెలుగునకు తనవైన సమస్యలు కలవు. గణితము, గణితం అను రెండు రూపములు, విభక్తులు చేరిన అనేకరూపములు, సంధిచే కలిసిన పదములు, తెలుగు అకాడమి పారిభాషికపదముల ప్రక్కన తెలుగు లిపిలో వ్రాసిన ఆంగ్లపదములు, వీనినన్నింటిని ఒకటిగ గుర్తింపలేని శోధనయంత్రము ఉన్న పాఠమును లేదని చెప్పును.

హక్కులు, అనుజ్ఞలు

ఎవరికిని అడ్డులేకుండ అంతర్జాలమున ఉన్నంతమాత్రాన ఒక పాఠమును స్వేచ్ఛగ వాడుకొనవచ్చుననుట పొరపాటు. భారతదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును హక్కులు నిలిచియుండును. ఆ చట్టపు 52వ విభాగము బోధనక్రమమున ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని చేసికొను ప్రతులకు మినహాయింపు నిచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని ఫొటోకాపీ దుకాణముపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మొదలగు ప్రచురణసంస్థలు వేసిన వ్యాజ్యములో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2016లో ఈ మినహాయింపును విశాలముగ వ్యాఖ్యానించినది. కాని తరగతికొరకు ప్రతి తీయుట వేరు, సర్వలోకమునకు తెరచియుంచుట వేరు, రెండవదానికి రచయిత అనుజ్ఞ వలయును (చూ. కాపీరైటు).

ఆ అనుజ్ఞను ముందుగనే, అందరికిని ఒక్కసారిగ ఇచ్చు పద్ధతియే క్రియేటివ్ కామన్స్. 2001లో స్థాపితమైన ఆ సంస్థ 2002 డిసెంబరులో తన మొదటి లైసెన్సులను ప్రకటించినది. కర్త పేరు చెప్పుట, వ్యాపారమునకు వాడకుండుట, మార్పులు చేయకుండుట, మార్చినదానిని అదే లైసెన్సుతో విడుదల చేయుట అను నియమములను వేర్వేరు విధముల కలుపగా ఆరు లైసెన్సులు ఏర్పడినవి. భాండాగారములను నడుపువారు ఈ భేదములను క్షుణ్ణముగ ఎరుగవలెను. మార్పులను నిషేధించు లైసెన్సు గల పాఠమును తెలుగులోనికి అనువదించి పంచరాదు, ఏలయన అనువాదము కూడ మార్పుగనే పరిగణింపబడును. మసాచుసెట్స్ సంస్థ కోర్సులు వ్యాపారనిషేధముతోను, ఎన్‌పీటెల్ పాఠములు ఆ నిషేధము లేకయు విడుదలైనవి. రెండును మార్చినదానిని అదే లైసెన్సుతో ఇయ్యవలెనని కోరునవి. కావున ఆ రెంటిని కలిపి ఒక పాఠముగ అల్లుటకు చట్టము ఒప్పదు. రెండును ఉచితములే, రెండును ఉదారములే; అయినను ఒకదానితో ఒకటి పొసగవు.

దృష్టిలోపము గలవారి విషయమున మఱకేష్ ఒడంబడిక ముఖ్యము. 2013లో కుదిరిన ఈ ఒడంబడికను అందరికంటె ముందుగ 2014లో ధ్రువపరచిన దేశము భారతదేశము. దాని స్ఫూర్తితో 2016లో సుగమ్య పుస్తకాలయమను అంతర్జాల గ్రంథాలయము ఏర్పడినది.

అంతర్జాలము లేనిచోట

నెట్‌వర్కు అందని గ్రామములకు, కొండప్రాంతములకు సామగ్రిని మోసికొనిపోవు పద్ధతులు వేరుగ వికసించినవి. లెర్నింగ్ ఈక్వాలిటీ అను సంస్థ తయారుచేసిన కోలిబ్రి ఒక చిన్న కంప్యూటరున వేలకొలది పాఠములను నింపి, తరగతిగదిలోని వైఫై ద్వారా, బయటి అంతర్జాలముతో పనిలేకుండ విద్యార్థుల పరికరములకు అందించును. కివిక్స్ అను సాఫ్ట్‌వేరు వికీపీడియా అంతటిని ఒక ఫైలుగ మడిచి ఇచ్చును. దీక్షయందు దించుకొన్న పాఠమును ఒక ఫోనునుండి మరియొక ఫోనుకు నేరుగ పంపు సౌకర్యము కలదు. ఈ పద్ధతులయందు దాపురించు ప్రధానదోషము పాతప్రతుల వ్యాప్తి: కేంద్రమున దిద్దిన తప్పు గ్రామమున చేరిన ప్రతిలో అట్లే మిగిలిపోవును. కావున ప్రతి పాఠముపైనను రూపాంతరసంఖ్యయు, తేదీయు ఉండవలసియున్నది.

చిరరక్షణ

డిజిటల్ సామగ్రి కాగితమువలె చెదపట్టదు గాని, అంతకంటె త్వరగ చదువరానిదగును. ఇందుకు నిదర్శనము ఫ్లాష్. రెండు దశాబ్దములపాటు కదలుబొమ్మల పాఠములకు, ప్రయోగముల అనుకరణలకు ఫ్లాష్ ప్రధానసాధనముగ ఉండగా, అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు విరమించినది. ఫైళ్లు చెక్కుచెదరక ఉన్నను, వానిని తెరచు సాఫ్ట్‌వేరు కనుమరుగగుటచే అసంఖ్యాక పాఠములు నిర్జీవములైనవి. భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున స్థాపించిన ఫెట్ బృందము, తన అనుకరణలను ముందుచూపుతో హెచ్‌టీఎంఎల్5 రూపమునకు మార్చుచు వచ్చినందున నిలదొక్కుకొన్నది. ధనమును, మనుష్యులును లేని చిన్న భాండాగారములకు ఆ అవకాశము కలుగలేదు.

ఈ అపాయమును ఎదుర్కొనుటకు ఏ ఒక్క వ్యాపారసంస్థకును లోబడని ఫైలురూపములను ఎన్నుకొనుట, ప్రతి ఫైలునకు చెక్‌సమ్ అను గణితముద్రను కట్టి అది మారలేదని నియతముగ సరిచూచుట, వేర్వేరు ఊళ్లలో ప్రతులను ఉంచుట అను పద్ధతులు స్థిరపడినవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పుట్టిన లాక్స్ అను పథకము గ్రంథాలయములు పరస్పరము ప్రతులను పోల్చిచూచుకొని దోషములను సవరించుకొను మార్గమును చూపినది. నిక్షేపవ్యవస్థలకు సామాన్య ఆదర్శముగ ఓ.ఏ.ఐ.ఎస్. అను నమూనా 2003లో అంతర్జాతీయ ప్రమాణమైనది.

సాంకేతికలోపము కంటె సంస్థాలోపము వలన నశించినవి ఎక్కువ. బ్రిటనులో ప్రభుత్వపు తోడ్పాటుతో, ఆ దేశపు ఉన్నతవిద్య అంతటికి ఉద్దేశింపబడిన జోరమ్ అను భాండాగారము సుమారు పదేండ్లు నడిచి 2016లో మూతపడినది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థలము కూడ నిలిచిపోగా, అందలి పుస్తకములలో లక్షలాది ప్రతులు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరియుండుట చేతనే నేటికిని చదువరులకు దక్కుచున్నవి. అట్లు చేర్చినవారు లేకున్నచో, స్కాన్ చేయుటకు వెచ్చించిన శ్రమలో అధికభాగము వ్యర్థమైయుండెడిది. ఈ అనుభవములను గణించియే, నమ్మదగిన నిక్షేపములకు గుర్తింపునిచ్చు కోర్ ట్రస్ట్ సీల్ సంస్థ, సంస్థాపకులు తప్పుకొన్నచో గాని ధనము ఆగినచో గాని సేకరణమునకు ఏర్పాటేమి, అందుబాటు ఎట్లు కొనసాగును అను విషయములపై ముందుగనే ప్రణాళికను చూపుమని ప్రతి దరఖాస్తుదారుని కోరుచున్నది.